జిమ్ కరెంటు బిల్లు కూడా ఆరోగ్యం సంగతే

సంపాదకులు గారికి నమస్కారం.

పొట్ట తగ్గాలంటే ఏం చేయాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎంతసేపు నడవాలి, జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు ముందు ఏ పరీక్షలు చేయించుకోవాలి, ఇవన్నీ పేపర్లలో తరచూ చదువుతూనే ఉన్నాం. మంచిదే. కానీ ఆ వ్యాయామం చేయించే వ్యాపారం ఎంత కరెంటు కాలుస్తోంది, ఎంత ప్లాస్టిక్ బయటికి పంపుతోంది, ఎంతమందిని నిజంగా ఆరోగ్యవంతుల్ని చేస్తోంది అనే సంగతి మాత్రం ఎక్కడా కనపడదు. నేను విజయవాడలో చిన్న వ్యాపారాలకి లెక్కలు రాసే మనిషిని. నాకు పని ఇచ్చేవాళ్లలో జిమ్‌లు నడిపేవాళ్లు కూడా ఉన్నారు. కరెంటు బిల్లు, ఏసీ సర్వీసింగ్ బిల్లు, వాటర్ బాటిళ్ల బిల్లు, మెషిన్ల స్పేర్ పార్టుల బిల్లు అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. అద్దె, జీతాలు తీసేస్తే మిగతా అన్నిటికంటే పెద్ద ఖర్చు కరెంటే. ఆ కాగితాలు చూసీ చూసీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు కలిసి 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు పెట్టుకున్నాయి, గడువు 2030. ఆ తీర్మానంలోనే క్రీడలు కూడా ఈ లక్ష్యాలకి తోడ్పడతాయని రాసుకున్నారు. మూడో లక్ష్యం ఆరోగ్యం, ఏడోది శుభ్రమైన కరెంటు, పదకొండోది బతకడానికి వీలైన నగరాలు, పన్నెండోది బాధ్యతగా వాడుకోవడం, పదమూడోది వాతావరణం. జిమ్ వ్యాపారం ఈ ఐదింటికీ తగులుతుంది. మూడోదానికి మేలు చేస్తున్నాం కాబట్టి మిగతావి మాకెందుకు అంటే కుదరదు. బొగ్గు పొగ, పెట్రోలు పొగ పీల్చే ఊపిరితిత్తులూ, జిమ్‌లో కార్డియో చేసే ఊపిరితిత్తులూ ఒకటే కదా.

జిమ్‌లు వద్దని నేను అనడం లేదు. ఇంకా కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో బయటపెట్టిన లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 31 శాతం పెద్దవాళ్లు, అంటే దాదాపు 180 కోట్ల మంది, సరిపడా శ్రమ చేయడం లేదు. మన దేశంలో అది దాదాపు సగం మంది. ఆ సంస్థ అడిగేది పెద్ద ఘనకార్యమేమీ కాదు, వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడిచినా చాలు. 2030 నాటికి ఈ కదలని జనాన్ని 15 శాతం తగ్గించాలని 2018లోనే లక్ష్యం పెట్టారు, మనం మాత్రం ఎదురు దిశలో పోతున్నాం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో 36 శాతం, మగవాళ్లలో 31 శాతం ఉండాల్సిన బరువు కంటే ఎక్కువ ఉన్నట్టు తేలింది. కాబట్టి జనం కదలాలి, అందుకు చోట్లు పెరగాలి. అవి ఎలా పెరగాలన్నదే నా బాధ. ఇప్పుడు బందరు రోడ్డు మీదా, గుంటూరు లక్ష్మీపురంలోనూ, బ్రాడీపేటలోనూ వస్తున్న తీరులోనే, అంటే పడమటి ఎండ నేరుగా పడే అద్దాల గోడలు పెట్టి, కిటికీ అన్నది లేకుండా మూసేసి, లోపల ఆరేసి ఏసీలు తిప్పే తీరులోనే పెరిగితే, ఒక లక్ష్యం కోసం నాలుగింటిని కాలరాసినట్టే.

ఒక మధ్యరకం జిమ్ తీసుకుందాం. ఒకటిన్నర టన్ను ఏసీలు ఆరు అనుకోండి. ఒక్కోటి కంప్రెసర్ తిరిగేటప్పుడు సుమారు ఒకటిన్నర కిలోవాట్ లాగుతుంది. పొద్దున ఐదు గంటలు, సాయంత్రం ఐదు గంటలు నడిపితే, కంప్రెసర్ మధ్యమధ్య ఆగే సమయం తీసేసినా రోజుకి 60 యూనిట్లకి తక్కువ కాదు. ట్రెడ్‌మిల్ ఒక్కోటి మనిషి ఎక్కి నడుస్తున్నప్పుడు 600, 700 వాట్లు తీసుకుంటుంది. ఐదు ట్రెడ్‌మిల్లులు రోజుకి ఐదు గంటలు తిరిగితే ఇంకో 17 యూనిట్లు. లైట్లు, మ్యూజిక్, మోటారు, స్టీమ్ రూమ్ ఉంటే దాని హీటరు, ఇవన్నీ వేరే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క ప్రకారం మన దేశపు గ్రిడ్‌లో ఒక్కో యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే ఆ ఆరు ఏసీలకే రోజుకి 42 కిలోలు. ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు, మన ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం బొగ్గుతోనే కదా నడుస్తోంది. గ్రిడ్‌లో అన్ని రకాల కరెంటూ కలిసే వస్తుంది, నిజమే, కానీ బొగ్గు వాటా ఎంత పెద్దదో ఆ పొగగొట్టాలు చూసిన మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

విజయవాడలో ఏసీ లేకుండా జిమ్ నడపమని చెప్పే ధైర్యం నాకు లేదు. రోహిణి కార్తెలో సాయంత్రం ఆరింటికి కూడా గోడలు సెగలు కక్కుతాయి. ఆ వేడిలో బరువులెత్తడం ప్రమాదం కూడా. కానీ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున ఐదింటికి ఈ ఊళ్లో ఏసీ ఎందుకండీ? కిటికీలు తెరిస్తే చాలు, తెరవడానికి కిటికీ ఉంటే. ఇంకోటి, ఏసీ 18లో పెట్టి దాని కింద చెమట పట్టలేదని వార్మప్ ఇంకో పావుగంట చేయించడం ఏం తెలివి? ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఎప్పటినుంచో చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగున్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన కూడా తెచ్చింది. 25, 26లో పెట్టి పైన పెద్ద ఫ్యాన్లు తిప్పితే వ్యాయామం చేసేవాడికి గాలి తగిలి ఇంకా హాయిగా ఉంటుంది. పడమటి అద్దానికి వెదురు తడికో, బయట చెట్టో, టెర్రస్ మీద తెల్ల సున్నమో వేస్తే ఏసీ మీద భారం ఇంకా తగ్గుతుంది. వీటికి లక్షలు అక్కర్లేదు.

ఏసీ గ్యాస్ సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. ప్రతి వేసవి ముందూ "గ్యాస్ అయిపోయింది, నింపించాం" అని ఒక బిల్లు వస్తుంది. ఏసీలో గ్యాస్ పెట్రోలు లాగా వాడితే అయిపోయేది కాదు, ఎక్కడో కారితేనే తగ్గుతుంది. ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక కిలో గాలిలోకి పోతే భూమిని వేడెక్కించడంలో అది రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే దాదాపు 3 వేల యూనిట్ల కరెంటు కాల్చినంత. పాత ఆర్-22 గ్యాసూ కార్బన్ డయాక్సైడ్ కంటే 1,800 రెట్లు పైమాటే, పైగా అది ఓజోన్ పొరని కూడా తింటుంది. ఆర్-32 అయితే 675 రెట్లు. ఒకటిన్నర టన్ను ఏసీలో కిలో అటూఇటూ గ్యాస్ ఉంటుంది. లీకు ఎక్కడో పట్టించి, అక్కడ బ్రేజింగ్ (లోహం కరిగించి అతికించడం) చేయించి, ఆ తర్వాత నింపించడానికి ఇంకో పూట పడుతుంది, వెయ్యో రెండు వేలో ఎక్కువ అవుతుంది. అది చేయించకుండా ఏటా గ్యాస్ నింపించుకుంటూ పోయే చోట సౌర ఫలకాల గురించి మాట్లాడినా ఉపయోగం లేదు.

సౌర ఫలకాలంటే గుర్తొచ్చింది. వాటి మీద నాకు ఆశ ఉంది, కానీ జిమ్‌కి అవి ఎలా పనికొస్తాయో అర్థం చేసుకుని పెట్టుకోవాలి. ఎండ దంచేది మధ్యాహ్నం. జిమ్ నిండేది తెల్లవారుజామునా, చీకటి పడ్డాకా. ఫలకాలు ఇచ్చే కరెంటుకీ, జిమ్ వాడే వేళకీ పొంతన లేదు. అందుకే నెట్ మీటరింగ్ ఉంటేనే లెక్క కుదురుతుంది, మధ్యాహ్నం గ్రిడ్‌కి ఇచ్చి సాయంత్రం తీసుకున్నట్టు. రెండో చిక్కు, మన ఊళ్లలో జిమ్‌లు చాలావరకు అద్దె భవనాల్లో రెండో అంతస్తులోనో, మూడో అంతస్తులోనో ఉంటాయి, టెర్రస్ ఇంటి ఓనరుది, దాని మీద అప్పటికే సెల్ టవరో వాటర్ ట్యాంకులో ఉంటాయి. ఓనరుకి కరెంటు బిల్లుతో పని లేదు కాబట్టి ఫలకాలు పెట్టడు, జిమ్ నడిపేవాడికి మూడేళ్ల అగ్రిమెంటే ఉంది కాబట్టి వాడూ పెట్టడు. అద్దె కాగితం రాసుకునేటప్పుడే టెర్రస్ మాట కూడా రాసుకోవాలి. ఏడాదికోసారి అద్దె ఎంత పెంచాలో రాసుకునే మనం ఇది రాసుకోలేమా?

ఈ మధ్య సోషల్ మీడియాలో సైకిల్ తొక్కితే కరెంటు పుట్టే జిమ్‌ల వీడియోలు చాలా తిరుగుతున్నాయి. చూడ్డానికి బాగుంటుంది, పిల్లలకి కరెంటు విలువ తెలియజెప్పడానికి ఒకటో రెండో పెట్టుకోవచ్చు కూడా. కానీ దాన్ని నమ్ముకుని మిగతావి వదిలేయకండి. మామూలు మనిషి గంటసేపు ఆపకుండా తొక్కితే సగటున 100 వాట్లు, అంటే గంటకి 0.1 యూనిట్ వస్తుంది. ఒక ఏసీ నడవాలంటే పదిహేను మంది ఆపకుండా తొక్కాలి. పైన చెప్పిన 60 యూనిట్లు రావాలంటే 600 మంది తలా ఒక గంట తొక్కాలి. మనిషి ఒంట్లోంచి కరెంటు తీయడం కంటే కరెంటు అక్కర్లేని మెషిన్ కొనడం వంద రెట్లు నయం. స్పిన్ బైకులు, రోయింగ్ మెషిన్లు, మోటారు లేకుండా మన కాళ్లతోనే తిరిగే వంపు ట్రెడ్‌మిల్లులు, తాడాట, బరువులు, వీటిలో దేనికీ ప్లగ్గు అక్కర్లేదు.

ఇంతవరకు చెప్పింది బిల్లుల్లో కనపడేది. అసలైనది బిల్లులో రానిది. ఒక జిమ్‌కి రోజుకి 200 మంది వస్తారనుకోండి, సగటున రెండు కిలోమీటర్ల దూరం నుంచి, స్కూటర్ మీద. రానూపోనూ నాలుగు కిలోమీటర్లు. లీటరుకి 45 ఇచ్చే బండయితే ఒక్కొక్కరికీ దాదాపు 200 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, ఎందుకంటే లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోలు వస్తుంది. రెండొందల మందికీ కలిపితే రోజుకి 40 కిలోలు. అంటే ఆ ఆరు ఏసీలు రోజంతా తిరిగినంత! కారులో వచ్చేవాళ్లయితే మూడు రెట్లు. ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాక మళ్లీ వేసుకున్నాను. రెండు కిలోమీటర్లు బండి మీద వెళ్లి, అక్కడ బండి పార్కింగుకి చోటు లేక రోడ్డు మీద పెట్టి, మెట్లెక్కకుండా లిఫ్ట్‌లో పైకెళ్లి, అరగంట మోటారు బెల్టు మీద నడిచి మళ్లీ బండెక్కి ఇంటికి రావడం. ఆ రెండు కిలోమీటర్లూ నడిచివస్తే వార్మప్ అయిపోయేది, సైకిలెక్కితే పది నిమిషాలు.

కాబట్టి ఈ వ్యాపారం భూమికి చేయగల అతి పెద్ద మేలు దాని నాలుగు గోడల మధ్య లేదు, దాని సభ్యుల కాళ్లలో ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. కాళ్లలో బలం, గుండెలో దమ్ము ఉన్న మనిషి చిన్న పనులకి బండి తీయడు. జిమ్ ఆ మనిషిని తయారు చేయాలి. నడిచీ, సైకిల్ మీదా వచ్చేవాళ్లకి నెల ఫీజులో ఒక వంద తగ్గించండి. కింద సెల్లార్లో ముందు వరసలో నాలుగు సైకిల్ స్టాండ్లు పెట్టండి, బుల్లెట్లకి వెనక చోటివ్వండి. ట్రైనర్లు "ఈ వారం ఎన్ని కిలోలు లేపావు" అని అడిగినట్టే "ఈ వారం ఎన్ని పనులకి నడిచి వెళ్లావు" అని కూడా అడగొచ్చు. లిఫ్ట్ దగ్గర "మెట్లు ఇటు" అని బాణం గుర్తు వేయడానికి ఏ ఖర్చూ లేదు.

అయితే నడవమని చెప్పేటప్పుడు నడిచే చోటు గురించి కూడా మాట్లాడాలి. బెంజి సర్కిల్ నుంచి పటమట వైపు పది నిమిషాలు నడిస్తే ఫుట్‌పాత్ మీద ఎన్నిసార్లు ఎక్కి దిగాలో అక్కడ తిరిగేవాళ్లకి తెలుసు. టిఫిన్ బండ్లని తిట్టడం నా ఉద్దేశం కాదు, వాళ్ల బతుకు వాళ్లది. ఫుట్‌పాత్ మీద బండ్లు పార్కు చేసే షోరూములూ, హాస్పిటళ్లూ, అవును, జిమ్‌లూ కూడా ఉన్నాయి. వ్యాయామం అమ్మే వ్యాపారం నడిచేవాడి దారిని మింగేయడం తప్పు. ఊళ్లో జిమ్‌ల వాళ్లందరూ ఒక సంఘంగా ఏర్పడి ఏలూరు కాలవ గట్టునో, బందరు కాలవ గట్టునో ఒక్క రెండు కిలోమీటర్లు లైట్లతో, చెట్లతో నడకదారి కావాలని అడిగితే అది మామూలు జనం అడిగినదానికంటే బలంగా వినపడుతుంది. మూడు కాలవలు ఊరి నడుమనుంచి పోతున్నాయి మనకి. ఇంత అదృష్టం ఏ ఊరికుందండీ?

ఇప్పుడు సామాను సంగతి. ఇనుప ప్లేటు ఒకసారి కొంటే యాభై ఏళ్లు ఉంటుంది. మన పాత తాలింఖానాల్లో ఉన్నవేమిటి? మట్టి నేల, కర్రలు, గదలు, రాతి గుండ్లు. దండీలు, బస్కీలు తీసేవాళ్లకి కరెంటు మీటరుతో పనే లేదు. పల్లెల్లో పండగలకి గుండు ఎత్తే పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి. మన పక్కనే బాపట్ల జిల్లా స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చాడు, ఆ పోటీలో అతని చేతిలో ఉన్నది ఒక రాడ్డూ, ప్లేట్లూ. పాతకాలానికి వెళ్లిపోదామని నా ఉద్దేశం కాదు. అరవై దాటినవాళ్లకీ, ఆపరేషన్ అయినవాళ్లకీ కేబుల్ మెషిన్లు చాలా అవసరం, అవి ఉండాలి. కానీ మూడేళ్లకోసారి "కొత్త మోడల్ మెషిన్లు వచ్చాయి" అని ఫ్లెక్సీ కట్టడానికి బాగున్న మెషిన్లని తుక్కు కింద అమ్మేయడం చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. పోయేది చాలాసార్లు ఒక బేరింగ్, ఒక పుల్లీ, చిరిగిన రెక్సిన్ సీటు. మనది ఆటోనగర్ ఉన్న ఊరు! లారీ ఛాసిస్‌నే కొత్తదిగా చేసి నిలబెట్టే వెల్డర్లు, లేత్ పనివాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు వరసగా ఉన్న ఊరు. వాళ్లకి లెగ్ ప్రెస్ మెషిన్ ఒక లెక్కా? జిమ్‌ల వాళ్లు అక్కడ రెండు మూడు షాపులతో ఏడాది కాంట్రాక్టు మాట్లాడుకుంటే మెషిను వయసు రెండింతలవుతుంది, డబ్బు ఊళ్లోనే ఉంటుంది, ఎనిమిదో లక్ష్యం అయిన ఉపాధి కూడా అందులోనే వస్తుంది. కొత్త బెంచీలూ, ర్యాకులూ కూడా అక్కడే చేయించుకోవచ్చు. కింద పరిచే రబ్బరు మ్యాట్లు పాత టైర్ల పొడితో చేసినవి దొరుకుతున్నాయి, అవే అడిగి కొనండి. ట్రెడ్‌మిల్ బోర్డులూ, డిస్‌ప్లేలూ పాడైతే తుక్కు బండికి వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే అధికారిక సంస్థలకి ఇవ్వాలి.

నీళ్ల బాటిళ్ల మీద నాకు ఉన్న కోపం ఇంకా పెద్దది. రోజుకి 50 బాటిళ్లు అమ్మే జిమ్ ఏడాదికి 18 వేల బాటిళ్లు చెత్తలోకి పంపుతుంది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద దేశమంతా నిషేధం వచ్చింది, స్ట్రాలు, ప్లాస్టిక్ గ్లాసులు, వంద మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్లు అందులో ఉన్నాయి, నీళ్ల బాటిళ్లు లేవు. చట్టం ఆపలేదు కాబట్టి అమ్ముతున్నాం అంటారు. ఒక మంచి ఫిల్టరు, దాని కింద బాటిల్ పట్టేంత ఎత్తులో కుళాయి, జాయినైన రోజు ఒక స్టీలు బాటిల్. ఇప్పుడు జాయినైన రోజు ఇస్తున్నదేమిటి? పాలియెస్టర్ టీషర్టు. పాలియెస్టర్ పెట్రోలియం నుంచి వచ్చే ప్లాస్టిక్కే, ఉతికిన ప్రతిసారీ కంటికి కనపడని పోగులు నీళ్లలో కలుస్తాయి, అవి చివరికి పోయేది కాలవల్లోకీ కృష్ణలోకీ. అప్పటికే ఇంట్లో పది టీషర్టులున్న మనిషికి పదకొండోది ఎందుకు? అంతగా బట్ట ఇవ్వాలనుకుంటే కృష్ణ దాటితే మంగళగిరి, అక్కడి నూలు తువ్వాలు ఇవ్వండి, జిమ్‌లో ముందు కావాల్సింది అదే. విజయవాడ 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో దేశంలో మూడో స్థానం తెచ్చుకున్న ఊరు, పొద్దున్నే చెత్త బండి దగ్గర తడీ పొడీ వేరు చేసి ఇచ్చేవాళ్లం. ఆ అలవాటు జిమ్ గుమ్మం దగ్గర ఆగిపోకూడదు.

ప్రోటీన్ డబ్బాల గురించి ఎక్కువ చెప్పను, అది డాక్టర్లు మాట్లాడాల్సిన విషయం. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండల కోసం ప్రోటీన్ పొడులు వాడొద్దనే ఉంది. వంద గ్రాములకి దాదాపు 24 గ్రాముల ప్రోటీన్ పెసల్లోనూ, మినుముల్లోనూ ఉంది, పల్లీల్లో ఇంకొంచెం ఎక్కువ, ఉలవల్లో 22 దాకా. కృష్ణా డెల్టా మాగాణుల్లో వరి కోసిన తర్వాత వేసే పంట మినుమే. పప్పుజాతి పైర్లు గాలిలోని నత్రజనిని నేలకి పట్టి ఇస్తాయి, యూరియా తక్కువ పడుతుంది, నీళ్లూ తక్కువే. జిమ్ కౌంటర్ దగ్గర డబ్బాల షెల్ఫు పక్కన నానబెట్టిన శనగలు, పెసర మొలకలు, ఉడికించిన గుడ్లు పెట్టిన చోట కుర్రాళ్లు అవే కొనుక్కుంటున్నారు, జేబుకి కూడా అదే తేలిక. కమీషన్ తక్కువ వస్తుందని వాటిని పక్కన పెట్టేయకండి.

అన్నిటికంటే కష్టంగా అనిపించే మాట ఒకటి చెబుతాను. ఈ వ్యాపారంలో ఏడాది ఫీజు ఒకేసారి కట్టించుకోవడం మీదే లెక్కంతా నడుస్తుంది. జనవరిలో కట్టినవాళ్లలో చాలామంది వేసవికి కనపడరు, వాళ్లు రాకపోవడమే లాభం. నా లాంటి లెక్కల మనిషికి ఇది కాగితం మీద బాగానే కనపడుతుంది, కానీ మూడో లక్ష్యం దగ్గర ఇది పూర్తిగా ఓడిపోయినట్టు. డబ్బు కట్టి మానేసిన మనిషి "నా వల్ల కాదు" అనుకుని ఇక నడక కూడా మానేస్తాడు. నెలవారీ ఫీజు, పరీక్షలకీ ప్రసవానికీ జబ్బుకీ ఆపుకునే వీలు, మానేసినవాళ్లకి ఫోన్ చేసి పిలవడం, ఇవి చేసే చిన్న జిమ్‌లు మన ఊళ్లో ఉన్నాయి, వాటిలో మనుషులు నిలబడుతున్నారు.

ఫీజు కట్టలేనివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఈ లెక్కలోకే రావడం లేదు. ఇళ్లల్లో పని చేసే అమ్మకి నెలకి రెండు వేలు ఎక్కడివి? పార్కుల్లో ఓపెన్ జిమ్ పరికరాలు పెట్టడం చాలా మంచి పని, ఒక్క యూనిట్ కరెంటు లేకుండా ఊరందరికీ వ్యాయామం. మా పేట పార్కులో పెట్టినవాటిలో సగం బేరింగులు బిగుసుకుపోయి, తుప్పు పట్టి ఉన్నాయి, గ్రీజు పెట్టే నాథుడు లేడు. దగ్గర్లో ఉన్న ప్రతి జిమ్ ఒక పార్కుని తీసుకుని నెలకోసారి ట్రైనర్‌ని పంపి నట్లు బిగించి గ్రీజు పెట్టించి, ఆదివారం పొద్దున ఒక గంట ఉచితంగా ఆడవాళ్లకీ పెద్దవాళ్లకీ నేర్పిస్తే, అదొక ప్రచారం కూడా, ఫ్లెక్సీ ఖర్చు మిగులుతుంది. నేర్పేవాళ్లలో ఆడ ట్రైనర్లు ఉండాలి, చీర కట్టుకుని వచ్చినవాళ్లని చూసి నవ్వకూడదు. ఇందిరా గాంధీ స్టేడియం దగ్గరా, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలోనూ పొద్దున నడిచేవాళ్లని చూస్తే తెలుస్తుంది, చోటు చూపిస్తే జనం వస్తారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఈ ఊళ్లో వాతావరణ మార్పు అనే మాట ఎవరికీ దూరంగా అనిపించలేదు. ఆక్రమణలూ, గండ్లూ, అన్ని కారణాలూ ఉన్నాయి, కానీ అంత వాన అంత తక్కువ సమయంలో పడే రోజులు పెరుగుతాయని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. అప్పుడు భుజాల మీద పాల ప్యాకెట్లూ, ముసలివాళ్లనీ మోసుకెళ్లినవాళ్లలో జిమ్ కుర్రాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. వాళ్లకి ఈ విషయాలు చెబితే అర్థం చేసుకోలేరని ఎవరన్నా నేను ఒప్పుకోను.

జిమ్ ఓనర్ల ఇబ్బందులు కూడా నాకు తెలుసు. ఒకే వీధిలో మూడు జిమ్‌లు, లోను వాయిదాలు, ఏటా పెరిగే అద్దె. అందుకే ఖర్చు తగ్గించే పనులతోనే మొదలుపెట్టమంటున్నాను: ఏసీ 25, గ్యాస్ లీకు రిపేరు, ఆటోనగర్ రిపేర్లు, కుళాయి. అధికారులు ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్ చేసేటప్పుడు ఏడాది కరెంటు యూనిట్లు ఎన్ని, సభ్యులు ఎంతమంది అని రెండు గళ్లు పెట్టి నింపమనొచ్చు. ఒక్కో మనిషికి ఎన్ని యూనిట్లు పడుతున్నాయో తెలిస్తే ఏ జిమ్ పొదుపుగా నడుస్తోందో బయటపడుతుంది. చేరేముందు సభ్యులు కూడా అడగాలి. ట్రైనర్‌కి సర్టిఫికెట్ ఉందా అని అడిగే మనం మంచినీళ్ల కుళాయి ఉందా, కిటికీ ఉందా, సైకిల్ ఎక్కడ పెట్టుకోవాలి అని అడిగితే తప్పేముంది?

సంపాదకులు గారూ, మీ జిల్లా పేజీల్లో ప్రతి జనవరిలో జిమ్‌ల ప్రకటనలు వస్తాయి. వచ్చే జనవరికి ముందే మీ విలేకరులని విజయవాడలోనూ, గుంటూరులోనూ ఒక పది జిమ్‌లకి పంపి ఏసీ ఎంతలో పెట్టారు, రోజుకి ఎన్ని బాటిళ్లు అమ్ముతున్నారు, నడిచి వచ్చేవాళ్లెందరు, ఏడాది కట్టినవాళ్లలో ఆరు నెలల తర్వాత ఎందరు మిగిలారు అని అడిగి వేయండి. బాగా నడిపేవాళ్ల పేర్లు వేయండి, వాళ్లకి అదే పెద్ద ప్రకటన. లెక్కలు వేయడంలో సాయం కావాలంటే నేను చేసిపెడతాను, డబ్బు అక్కర్లేదు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుల్లో ఒక అకౌంటెంట్,
మొగల్రాజపురం, విజయవాడ.